బైపాప్ మెషీన్ దగ్గర పనిచేయడమా, దాన్ని తయారుచేయడమా?

ప్రశ్న: మా నాన్నగారికి సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక వ్యాధి). రాత్రిళ్లు బైపాప్ (మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే మెషీన్) పెట్టుకుని పడుకుంటారు. మాస్కు సర్దడం, గొట్టాలు కడగడం అన్నీ మా అమ్మాయే చూసుకుంటుంది. ఇప్పుడు రెస్పిరేటరీ థెరపీయే (శ్వాస సమస్యలున్న రోగులకు చేసే చికిత్స) చదువుతానంటోంది. బయోమెడికల్ ఇంజినీరింగ్ చదివి వైద్య పరికరాల్లో ఏఐ వైపు వెళ్తే భవిష్యత్తు బాగుంటుందని బంధువులు అంటున్నారు. జీవితాంతం మెషీన్ ఆపరేటర్‌గా మిగిలిపోతుందేమోనని నా భయం. రెండింటినీ పోల్చి చెప్పగలరా?
– ఒక తండ్రి

జవాబు: అర్హతలు, ప్రవేశ పరీక్షల వివరాలు మీరు ఈపాటికే వెతికి ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను. ఈ ప్రశ్న నాకు తరచూ వస్తూనే ఉంటుంది. మెషీన్లే అన్నీ చేసేస్తే మనిషికి పనేముంటుందన్న దిగులు ఒకటి, నలుగురికీ ఏమని చెప్పుకోవాలన్న బెంగ మరొకటి.

ముందు దిగులు సంగతి. బైపాప్ ఊపిరి పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ పీడనం ఇస్తుంది. ప్రతి శ్వాసకూ అనుకున్నంత గాలి అందేలా ఆ పీడనాన్ని తనంతట తానే సవరించుకునే మెషీన్లు వచ్చి చాలా ఏళ్లయింది. ఏఐ పేరు ఇంతగా మోగక ముందే వచ్చాయవి. అయినా థెరపిస్టుల అవసరం తీరలేదు.

ఎందుకో చూడండి. ఆయాసంతో వచ్చిన సీఓపీడీ రోగి. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి, పీహెచ్ 7.35 కంటే కిందికి పడిపోయింది, అంటే రక్తంలో ఆమ్లత్వం పెరిగింది. ఊపిరాడని మనిషి ముఖం మీదికి మాస్కు తెస్తే తోసేయడం సహజం. పని తెలిసిన థెరపిస్టు వెంటనే పట్టీలు బిగించరు. మాస్కును చేత్తోనే ఆనించి, పీల్చేటప్పుడు 8 లేదా 10, వదిలేటప్పుడు 4 సెంటీమీటర్ల నీటి పీడనంతో మొదలుపెట్టి, రోగి ఊపిరి మెషీన్‌తో కలిసేదాకా పక్కనే ఉంటారు. ఆ తర్వాతే పట్టీలు, ఆపైన పీడనం పెంచడం. పట్టీ వదులైతే గాలి కళ్లలోకి కొడుతుంది, బిగిస్తే ముక్కు దూలం మీద పుండు పడుతుంది. గంట గడిచాక రోగి మాస్కు పీక్కోవడం మానేసి కళ్లు మూసుకున్నారనుకోండి. అది హాయిగా పట్టిన నిద్రా, కార్బన్ డయాక్సైడ్ పెరిగి కమ్మిన మగతా? పేరు పెట్టి పిలిచి చూడాలి, ధమని నుంచి రక్తం తీసి పరీక్షించాలి. వాంతి వచ్చేలా ఉంటే ఆ క్షణమే మాస్కు తీసేయాలి. అప్పుడు కూడా తెర మీది అంకెలు చక్కగానే కనిపించవచ్చు.

మీరు మెషీన్ ఆపరేటర్ పని అని తీసిపారేస్తున్నది దీన్నే. కాస్త కటువుగానే అంటున్నాను. మీ నాన్నగారు రాత్రంతా నిద్రపోగలుగుతున్నారంటే, ఆయన ముఖానికి సరిపడే మాస్కు ఎంచి, ఆయనకు తగినట్టు మెషీన్‌ను అమర్చిన వాళ్లున్నారు. వాళ్లకు నమస్కారం పెట్టి ఇంటికొచ్చి, మా అమ్మాయి మాత్రం ఆ పని చేయకూడదంటే ఎలా? పైగా మీ ఉత్తరంలో బంధువుల మాట ఉంది, మీ భయం ఉంది. అమ్మాయి దాన్ని ఎందుకు కోరుకుంటోందో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు?

ఇక ఏఐ మోజు. బయోమెడికల్ ఇంజినీరింగ్‌తో నాకు పేచీ లేదు. గణితం, ఎలక్ట్రానిక్స్ ఇష్టపడేవారికి మంచి చదువే. దాని ముందు ఏఐ అని తగిలించి అమ్మే పొట్టి కోర్సుల మీదే నా అనుమానమంతా. 2021 జూన్‌లో ఫిలిప్స్ సంస్థ లక్షలాది సీపాప్ (ఒకే పీడనంతో గాలి ఇచ్చేవి), బైపాప్ మెషీన్లను వెనక్కి పిలిచింది. శబ్దం తగ్గించడానికి లోపల పెట్టిన పాలియురేథేన్ నురుగు శిథిలమై, దాని రేణువులు గాలి దారిలోకి చేరే ప్రమాదం ఉండటమే కారణం. వేడికీ తేమకూ ఒక పదార్థం ఏళ్ల తరబడి ఎలా మారుతుందో పట్టుకోగల ఇంజినీరు అలాంటి చోట కావాలి. ఆరు నెలల ఏఐ సర్టిఫికెట్ అది నేర్పదు. అంత లోతుగా ఇంజినీరింగ్ చదివే ఆసక్తి మీ అమ్మాయికి ఉంటే ఆ దారి బంగారం. లేకపోతే బంధువుల మాట కోసం నాలుగేళ్లు ఈడ్చడం అవుతుంది.

థెరపీలో కష్టాలు లేవనను. రాత్రి డ్యూటీలుంటాయి, మరణాలు కళ్ల ముందే జరుగుతాయి, పదోన్నతులు కొన్నిచోట్ల నెమ్మది. కానీ ఐసీయూ ఒక్కటే గతి కాదు. నిద్ర పరీక్షల ల్యాబులున్నాయి, కండరాల వ్యాధులతో ఇంటి దగ్గరే బైపాప్ వాడేవారి సంరక్షణ ఉంది. వార్డు అనుభవం ఉన్నవారిని పరికరాల కంపెనీలు శిక్షకులుగా తీసుకుంటాయి. కాబట్టి మెషీన్ల తయారీ వైపు తలుపు ఏమీ మూసుకుపోదు. ఇప్పుడు ఎంచుకున్నదే చివరి మాట అన్నట్టు కంగారు పడకండి.

నాకున్న సందేహం ఒక్కటే. తాతగారి మీది ప్రేమతో మాస్కు సర్దడం వేరు, ముక్కూ మొహం తెలియని రోగి విసుక్కుంటుంటే సర్దడం వేరు. చేరకముందే ఎవరైనా థెరపిస్టుతో ఆమెను తీరిగ్గా మాట్లాడనివ్వండి, మీరు పక్కన కూర్చోకుండా. కళాశాలకు వెళ్లినప్పుడు విద్యార్థులను రోగుల దగ్గర ఎంతకాలం ఉంచుతారో, పక్కనుండి నేర్పేది ఎవరో అడగండి. బొమ్మకు మాస్కు తొడిగించి డిగ్రీ ఇచ్చే చోటయితే ఫీజు కట్టకుండా వచ్చేయండి.