సూపర్ కండక్టర్‌ను పీరియాడిక్‌గా డ్రైవ్ చేస్తే రెండో మజొరానా ఎక్కడి నుంచి వస్తుంది?

తమ్మీ, పాలమూరులో ఎంఎస్సీ చదువుతూ ఈ ప్రశ్న అడిగావంటే చాలా సంతోషంగా ఉంది. మామూలు కిటాయెవ్ గొలుసు (సూపర్ కండక్టర్ తీగకు సరళమైన మోడల్) చివర్లలో జీరో ఎనర్జీ మజొరానాలే (తమకు తామే యాంటీపార్టికల్ అయ్యే స్థితులు) ఉంటాయి కదా, కెమికల్ పొటెన్షియల్‌ను (గొలుసులో ఎలక్ట్రాన్లు ఎంత నిండాలో నిర్ణయించేది) ఒక పీరియడ్‌తో మారుస్తూ పోతే ‘పై (π) మోడ్’ అని ఇంకోటి ఎట్లా పుడుతుంది, యావరేజ్ హామిల్టోనియన్‌లో (ఒక పీరియడ్ మీద సగటు తీసిన ఎనర్జీ ఆపరేటర్‌లో) ఎందుకు కనబడట్లేదు అన్నావు. యావరేజ్‌లో కనబడదు. డ్రైవ్ చాలా వేగంగా ఉంటేనే ఆ లెక్క పనికొస్తుంది, పై మోడ్ పుట్టేదేమో ఫ్రీక్వెన్సీ బ్యాండ్ వెడల్పు (గొలుసు ఎనర్జీలు పరుచుకున్న మేర) దగ్గరికి దిగినప్పుడు.

నల్లగొండలో మా ఇంట్లో కూర్చుని పాత లాప్‌టాప్‌లో లెక్క వేసినప్పుడే నాకిది బుర్రకెక్కింది, నువ్వూ అదే చెయ్యి. 100 సైట్ల గొలుసంటే 200 బై 200 మాట్రిక్స్, అంతే. సగం పీరియడ్ ఒక కెమికల్ పొటెన్షియల్, మిగతా సగం ఇంకోటి పెట్టి, ఒక్కో సగంలో స్థితి ఎట్లా మారుతుందో చెప్పే రెండు ఎక్స్‌పోనెన్షియల్స్ గుణించి, వచ్చిన ఐగెన్ వాల్యూలన్నీ యూనిట్ సర్కిల్ మీద చుక్కలుగా వేసి, పీరియడ్ కొద్దికొద్దిగా పెంచుతూ చూడు. ఎగువ సగం చుక్కలు, దిగువ సగం చుక్కలు పాకుతూ వచ్చి మైనస్ 1 దగ్గర కలుస్తాయి. ఇంకొంచెం పెంచితే అక్కడి ఖాళీ (గ్యాప్) మళ్లీ తెరుచుకుంటుంది, కానీ రెండు చుక్కలు మాత్రం మైనస్ 1 మీదే ఉండిపోతాయి! వాటి వేవ్ ఫంక్షన్ ప్లాట్ చేస్తే గొలుసు మధ్యలో దాదాపు సున్నా, బరువంతా రెండు చివర్లలోనే.

కారణం పార్టికల్-హోల్ సిమ్మెట్రీ. ప్రతి ఎనర్జీకీ దాని మైనస్ జోడీ ఉంటుంది, తనకు తానే జోడీ అయ్యేది స్టాటిక్ గొలుసులో సున్నా ఒక్కటే. డ్రైవ్ పెట్టాక క్వాజీ ఎనర్జీ (సర్కిల్ మీద చుక్క కోణాన్ని పీరియడ్‌తో భాగిస్తే వచ్చేది) గడియారం ముల్లులా గుండ్రంగా తిరిగొస్తుంది, 12కి ఎదురుగా 6 ఉన్నట్టు సున్నాకి ఎదురుగా పై బై టీ (టీ అంటే పీరియడ్, సర్కిల్ మీద అదే మైనస్ 1) ఉంటుంది, అదీ తనకు తానే జోడీ. అక్కడ ఇంకో మజొరానాకి చోటు దొరుకుతుంది. దాని గుర్తు ప్రతి పీరియడ్‌కీ తిరగబడుతుంది కాబట్టి మొదటి స్థితికి రావడానికి రెండు పీరియడ్లు పడుతుంది.

బెంగళూరు ఐఐఎస్సీకి చెందిన దీప్తిమాన్ సేన్, సహచరులతో కలిసి 2013లో రాసిన పేపర్ దీని మీదే, తప్పకుండా చదువు.

నిజమైన తీగలో చెయ్యడం వేరే సంగతి. అల్యూమినియంలో దాదాపు 90 గిగాహెర్ట్జ్ దాటితే ఫోటాన్లు కూపర్ జంటల్నే (సూపర్ కండక్టివిటీకి మూలమైన ఎలక్ట్రాన్ జంటల్నే) విడగొట్టేస్తాయి, పైగా ఎలక్ట్రాన్ల మధ్య ఇంటరాక్షన్లు ఉంటే డ్రైవ్ శక్తిని పీల్చుకుంటూ సిస్టమ్ వేడెక్కిపోతుంది. నా ఉద్దేశంలో అసలు కష్టం ఈ వేడే, టోపాలజీ కాదు.

ప్రాజెక్ట్‌కైతే ఆ టెన్షన్ వద్దు. సైట్లకు కొంచెం డిజార్డర్ (ఒక్కో సైట్‌కు యాదృచ్ఛికంగా చిన్న తేడా) పెట్టు, గ్యాప్ మూసుకోనంత వరకు మైనస్ 1 మీది చుక్కలు కదలవు.