మబ్బుల కింద మునిగిన చేను ఉపగ్రహానికి ఎందుకు కనబడలేదు?

నేలను, నీటిని శాస్త్రవేత్తలు ఎలా కొలుస్తారన్న విషయంపై ఈసారి మహారాష్ట్ర సరిహద్దు తాలూకాల తెలుగు పాఠకుల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఒకే విషయం అడిగిన వాటిని కలిపి జవాబులు ఇస్తున్నాను. మొదటి ప్రశ్న ఒక రైతు కుటుంబం బతుకుతెరువుకు సంబంధించినది కాబట్టి దానికి ఎక్కువ చోటు కేటాయించాను.

ప్రశ్న: మాది ప్రాణహిత ఒడ్డున ఉన్న గ్రామం. వానాకాలంలో వరద వచ్చి మా పత్తి చేను రెండు రోజులు నీటిలో ఉంది. పరిహారం కోసం వెళ్తే, ఉపగ్రహ చిత్రంలో మీ సర్వే నంబరు మునిగినట్లు లేదని చెప్పారు. మేము కళ్లారా చూసిన వరద ఆకాశం నుంచి కనబడకపోవడం ఎలా సాధ్యం?
— ఒక రైతు, సిరొంచ తాలూకా

జవాబు: సాధ్యమే. చిత్రంలో కనబడలేదంటే చేను మునగలేదని అర్థం కాదు. ఈ రెండింటినీ ఒకటిగా తీసుకోవడం శాస్త్రం ఒప్పుకోని పని. ఎందుకో వివరంగా చెబుతాను.

నేలను గమనించే ఉపగ్రహాలు ప్రధానంగా రెండు రకాలు. మన రిసోర్స్‌శాట్, ఐరోపా వారి సెంటినెల్-2, అమెరికా వారి ల్యాండ్‌శాట్ వంటివి నేలపై పడి వెనుదిరిగిన సూర్యకాంతిని నమోదు చేస్తాయి. నీరు సమీప పరారుణ కాంతిని (ఎరుపుకు అవతల ఉండే, మన కంటికి కనబడని కాంతిని) దాదాపుగా మింగేస్తుంది, పచ్చని ఆకు అదే కాంతిని బలంగా వెనక్కి పంపుతుంది. ఈ తేడాను బట్టి ఎక్కడ నీరు ఉందో, ఎక్కడ పైరు ఉందో సులభంగా విడదీయవచ్చు. అయితే ఈ కాంతి మబ్బును దాటలేదు. గోదావరి లోయలో వరదలు ఎక్కువగా వచ్చేది ఆకాశం రోజుల తరబడి మూసుకుపోయి ఉండే జులై, ఆగస్టు వంటి నెలల్లో కాబట్టి, సరిగ్గా అవసరమైన రోజుల్లో ఈ రకం ఉపగ్రహాలకు మబ్బుల పైభాగం తప్ప మరేమీ కనబడదు.

రెండో రకం రాడార్ ఉపగ్రహాలు. ఇస్రో 2022 ఫిబ్రవరి 14న పంపిన ఈవోఎస్-04, ఐరోపా వారి సెంటినెల్-1 ఈ కోవకు చెందినవి. ఇవి సూర్యుడిపై ఆధారపడకుండా తామే సుమారు 5.6 సెంటీమీటర్ల పొడవున్న తరంగాలను పక్కవాటుగా నేలపైకి పంపి, తిరిగివచ్చిన దాన్ని కొలుస్తాయి. అందువల్ల రాత్రి అయినా, మబ్బు పట్టినా వాటి పని ఆగదు. నిలకడగా ఉన్న నీటిపై పడిన తరంగాలు, అద్దంపై ఏటవాలుగా వేసిన టార్చి వెలుగులాగా అవతలి వైపుకు వెళ్లిపోతాయి గనుక ఉపగ్రహానికి దాదాపుగా ఏమీ తిరిగి రాదు, చిత్రంలో ఆ చోటు నల్లగా పడుతుంది. వరద పటాలను తయారు చేయడానికి హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ శాస్త్రవేత్తలు ఎక్కువగా ఆధారపడేది ఈ నలుపు మీదనే.

మీ చేను విషయంలో పొరపాటుకు చోటున్నది కూడా ఇక్కడే. మొదటిది సమయం. ఒక సెంటినెల్-1 ఉపగ్రహం అదే దారిలో మళ్లీ రావడానికి 12 రోజులు పడుతుంది. ఇతర ఉపగ్రహాలను కలుపుకొన్నా రోజుకు ఒక చిత్రం దొరుకుతుందన్న భరోసా లేదు. సోమవారం రాత్రి ఎక్కి బుధవారం సాయంత్రానికి దిగిపోయిన నీరు, శుక్రవారం తీసిన చిత్రంలో ఉండదు. కాబట్టి మీకు చూపించిన చిత్రం ఏ తేదీన, ఏ గంటకు తీసినదో అడగడం మీ హక్కు.

రెండోది పైరు. నీరు పత్తి మొక్కలను పూర్తిగా ముంచకుండా నడుములోతున నిలిచి, కొమ్మలు పైకి కనబడుతుంటే, తరంగాలు నీటిని తాకి, కాండాలను తాకి, రెండు సార్లు పరావర్తనమై ఉపగ్రహం వైపుకే బలంగా తిరిగివస్తాయి. అప్పుడు మునిగిన చేను నల్లగా కాక, మామూలు కంటే తెల్లగా కనబడవచ్చు. ఈదురు గాలికి నీటిపై అలలు లేచినా నలుపు పలచబడుతుంది. ఇందుకు వ్యతిరేకమైన చిక్కు కూడా ఉంది: నాట్లు వేయడానికి నీరు పెట్టిన వరి మడి వరద లేకపోయినా నల్లగానే పడుతుంది. అందుకే జాగ్రత్తగా పనిచేసే శాస్త్రవేత్తలు వరదకు ముందు తీసిన చిత్రాన్ని, వరద నాటి చిత్రాన్ని పక్కపక్కన పెట్టి, నేల ఎత్తుపల్లాల పటంతో సరిచూసి, ఆ పైన క్షేత్రానికి వెళ్లి కొన్ని చోట్ల స్వయంగా చూసి గాని పటాన్ని ఖాయం చేయరు. ఇస్రో, నాసా కలిసి 2025 జులై 30న శ్రీహరికోట నుంచి పంపిన నైసార్ ఉపగ్రహం సుమారు 24 సెంటీమీటర్ల పొడవైన తరంగాలను కూడా వాడుతుంది. అవి ఆకుల గుబురును దాటి కిందికి చేరగలవు కాబట్టి చెట్ల కింద, పైరు కింద నిలిచిన నీటిని గుర్తించడం మెరుగుపడుతుంది. అయితే అది కూడా ఒక చోటికి మళ్లీ వచ్చేది 12 రోజులకే.

ఇక మీరు చేయగలిగినది. వరద నీరు ఉండగానే చేను నాలుగు వైపులా తేదీ, సమయం, అక్షాంశ రేఖాంశాలు నమోదయ్యే విధంగా ఫోన్‌తో ఫోటోలు తీసి ఉంచండి. చెట్టు మొదలుపై గాని, గోడపై గాని నీరు చేరిన గీతను కూడా తీయండి. తలాఠీ (గ్రామ రెవెన్యూ అధికారి) చేసే పంచనామాలో ఈ గీత ఎత్తును రాయించండి. పంట బీమా చేసినవారు నష్టాన్ని తెలియజేయడానికి గడువు ఏదైనా ఉందేమో ముందే కనుక్కోండి. వరద తీసిన తరువాత ఆకాశం తెరిపి ఇచ్చిన రోజున తీసిన మామూలు చిత్రాల్లో పైరు పచ్చదనం తగ్గడం, ఇసుక మేట వేసిన చోటు తెల్లగా మెరవడం కనబడతాయి. వరద నాటి చిత్రం లేనప్పుడు వీటిని కూడా పరిశీలించాలని రాతపూర్వకంగా కోరవచ్చు. మనిషి కళ్లతో చూసి సంతకం చేసిన సాక్ష్యాన్ని చిత్రం పేరుతో కొట్టివేయడానికి వీలు లేదని నా దృఢమైన అభిప్రాయం. ఆ చిత్రాన్ని సరిదిద్దుకోవడానికి శాస్త్రవేత్తలు వెతికేది అటువంటి సాక్ష్యాన్నే.

ప్రశ్న: టేక్రా దగ్గర ప్రాణహిత నీటిమట్టం చూసి రాసుకుంటారు. మట్టం చూస్తే ఎన్ని లక్షల క్యూసెక్కులు పోతున్నాయో ఎలా తెలుస్తుంది?
— ఒక విద్యార్థిని, అహేరి

జవాబు: మట్టం, ప్రవాహం వేర్వేరు కొలతలు. మొదటిదాన్ని చదువుతారు, రెండోదాన్ని లెక్కగడతారు. ఒడ్డున మెట్లు మెట్లుగా పాతిన కొలకర్రలపై అంకెలు సముద్రమట్టంతో ముడిపెట్టి ఉంటాయి. వరద రోజుల్లో కేంద్ర జల సంఘం సిబ్బంది గంటగంటకూ, అర్ధరాత్రి వానలో సైతం, ఈ మట్టాన్ని చదివి పంపుతారు.

ప్రవాహాన్ని కొలవడానికి నది వెడల్పును అనేక భాగాలుగా విభజించి, పడవ మీద నుంచో వంతెన మీద నుంచో ప్రతి భాగంలో లోతును చూసి, గిన్నెల చక్రం వంటి కరెంట్ మీటరును నీటిలోకి దించుతారు. నీటి పైభాగం నుంచి లోతులో పదింట ఆరు వంతుల దగ్గర ఉండే వేగం ఆ నిలువు మొత్తానికీ సగటు వేగానికి దగ్గరగా ఉంటుందని అనుభవం చెబుతుంది. లోతు ఎక్కువైతే రెండు వంతుల దగ్గర, ఎనిమిది వంతుల దగ్గర కొలిచి సగటు తీస్తారు. ప్రతి భాగం వైశాల్యాన్ని అక్కడి వేగంతో గుణించి, అన్నింటినీ కూడితే ప్రవాహం వస్తుంది. మీటరు దించలేనంత ఉధృతి ఉన్నప్పుడు తేలే వస్తువును వదిలి, అది నిర్ణీత దూరం దాటే సమయాన్ని బట్టి పైభాగపు వేగాన్ని తెలుసుకొని, దాన్ని దాదాపు 0.85తో గుణిస్తారు.

ఇంత శ్రమను గంటకొకసారి చేయలేరు. అందువల్ల ఏళ్ల తరబడి వేర్వేరు మట్టాల వద్ద చేసిన కొలతలను ఒక రేఖగా గీసి పెట్టుకుంటారు. ఫలానా మట్టానికి ఫలానా ప్రవాహమని ఆ రేఖే చెబుతుంది. అయితే నది అడుగు కోసుకుపోయినా, ఇసుక పేరుకున్నా, దిగువన బ్యారేజీ గేట్లు మూసినా, గోదావరి పోటెత్తి ప్రాణహిత నీటిని నిలవేసినా ఆ రేఖ తప్పుతుంది. ఉదాహరణకు, నీరు అలా నిలిచిపోయినప్పుడు మట్టం ఎక్కువగా, ప్రవాహం తక్కువగా ఉంటుంది. మళ్లీ నదిలోకి దిగి కొలిచి రేఖను సరిచేయడం తప్ప దీనికి మరో మార్గం లేదు. 2022 డిసెంబర్‌లో ప్రయోగించిన స్వాట్ అనే ఉపగ్రహం 100 మీటర్లకు మించి వెడల్పున్న నదుల నీటిమట్టాన్ని ఆకాశం నుంచే కొలుస్తోంది; అయినా నది అడుగు ఎంత లోతున ఉందో దానికి కూడా కనబడదు.

ప్రాణహిత పరివాహక ప్రాంతం సుమారు 1,09,000 చదరపు కిలోమీటర్లు, అంటే గోదావరి పరివాహక ప్రాంతంలో మూడో వంతుకు పైగా. 2022 జులై 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే. అటువంటి రోజుల్లో దిగువ గ్రామాల వారికి ఇళ్లు ఖాళీ చేయడానికి వ్యవధి దొరికిందంటే, టేక్రా వంటి ఎగువ కేంద్రాల్లో ఎవరో మెలకువగా కూర్చొని మట్టం చదవడం వల్లనే.

ప్రశ్న: మా చేదబావి గోడపై నంబరు రాసి, ఏడాదికి నాలుగు సార్లు ఎవరో వచ్చి టేపుతో కొలుచుకొని వెళ్తారు. భూగర్భ జలాన్ని ఉపగ్రహాలే తూచగలవని చదివాను. మరి ఈ టేపు ఎందుకు?
— ఒక పాఠకుడు, ధర్మాబాద్

జవాబు: మీరు చదివినది నిజమే. 2002లో పంపిన గ్రేస్ ఉపగ్రహాల జంట ఒకదాని వెనుక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో తిరుగుతూ, ఆ ఎడంలో వచ్చే అతి స్వల్ప మార్పులను కొలిచేది. కింద నేలలో ద్రవ్యరాశి ఎక్కువగా ఉన్న చోట ఆకర్షణ పెరిగి ముందున్నది కాస్త ముందుకు లాగబడుతుంది. నెలనెలా వచ్చే ఈ మార్పుల నుంచి నీటి బరువు పెరిగిందా, తగ్గిందా అన్నది లెక్కగట్టారు. 2002–2008 మధ్య రాజస్థాన్, పంజాబ్, హర్యానా ప్రాంతంలో సుమారు 109 ఘన కిలోమీటర్ల భూగర్భ జలం తరిగిపోయిందని తేలింది ఈ పద్ధతిలోనే. 2018 నుంచి దాని వారస ఉపగ్రహాలు ఆ పనిని కొనసాగిస్తున్నాయి.

అయితే ఆ తూకం లక్ష చదరపు కిలోమీటర్లకు మించిన విస్తీర్ణానికి మాత్రమే నమ్మదగినది. నాందేడ్ జిల్లా మొత్తం దాదాపు 10,500 చదరపు కిలోమీటర్లు. అంటే మీ జిల్లా కూడా దానికి విడిగా కనబడదు, మీ బావి సంగతి చెప్పనక్కరలేదు. పైగా ఉపగ్రహం తూచేది మొత్తం నీటిని. అందులో చెరువు నీరు ఎంత, మట్టిలో తేమ ఎంత, భూగర్భ జలం ఎంత అన్నది విడదీయడానికి నేల మీది కొలతలు కావాలి.

మీ ప్రాంతానికి టేపు మరింత అవసరం. నాందేడ్ జిల్లాలో చాలా భాగం బసాల్టు, తూర్పు అంచున గ్రానైటు; రెండూ గట్టి రాళ్లే. నీరు వాటి పగుళ్లలో, పైన చివికిన పొరలో మాత్రమే నిలుస్తుంది. ఆ పొర తన ఘనపరిమాణంలో నూటికి రెండు వంతుల నీటిని మాత్రమే వదులుతుందనుకుంటే, 100 మిల్లీమీటర్ల నీరు ఇంకినప్పుడు బావిలో మట్టం 5 మీటర్లు పైకి వస్తుంది. అంతే నీటిని తోడితే 5 మీటర్లు పడిపోతుంది. ఒక్క కార్తెలోనే నిండి, సంక్రాంతి దాటగానే అడుగంటే బావుల రహస్యం ఇదే. ఆ టేపు మనిషి వచ్చే ముందు రోజు నుంచి మోటారు వేయకుండా ఉంటే మీరు శాస్త్రానికి నిజమైన సాయం చేసినవారవుతారు. తోడుతున్న బావిలో తీసిన కొలత చుట్టుపక్కల నేల సంగతిని చెప్పదు.

ప్రశ్న: ఉపగ్రహం ద్వారా మా చెలకలో నత్రజని, భాస్వరం ఎంత ఉన్నాయో తెలుసుకోవచ్చా?
— ఒక రైతు, రాజూరా

జవాబు: ఎరువు మోతాదు నిర్ణయించేటంత నమ్మకంగా తెలుసుకోలేం. కాంతి మట్టి పైపొరను దాటి లోపలికి పోదు. పైరు రంగును బట్టి లోపం ఉందని అనుమానించవచ్చు, అది నత్రజని లోపమా, నీటి ఎద్దడా, తెగులా అన్నది ఆకాశం నుంచి ఖాయంగా చెప్పలేం. చేనులో ఎనిమిది, పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతున ఆంగ్ల ‘వి’ ఆకారంలో గుంట తీసి, అంచు మట్టిని పైనుంచి కిందికి సమంగా చెక్కి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలను తీసేస్తూ అరకిలో మిగిల్చి పరీక్షకు పంపండి. గట్ల పక్కన, చెట్ల కింద, పేడకుప్ప వేసిన చోట తీయకండి.

ప్రశ్న: ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు కాల్చినా అటవీ సిబ్బంది ఫోన్లకు సందేశం వస్తుందంటారు. నిజమా?
— సిరొంచ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: రావచ్చు. దేహ్రాదూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ రోజుకు కొన్ని సార్లు దాటిపోయే ఉపగ్రహాల ఉష్ణ చిత్రాల నుంచి మంటలను గుర్తించి హెచ్చరికలు పంపుతుంది. వాటిలో ఒక పరికరం చూసే గడి పక్క పొడవు 375 మీటర్లు, మరొకదానిది కిలోమీటరు. మంట గడి కంటే చాలా చిన్నదైనా దాని వేడి బలంగా ఉంటే పట్టుబడుతుంది. ఉపగ్రహం రాకముందే ఆరిపోయినది మాత్రం దొరకదు. సందేశం అందాక ఆ చోటికి నడిచి వెళ్లి మంట నిజమో కాదో చూసి నమోదు చేసేది బీట్ గార్డే.

ప్రశ్న: మా పాఠశాల పిల్లలతో ఉపయోగపడే కొలత ఏదైనా చేయించగలనా?
— ఒక ఉపాధ్యాయుడు, సిరొంచ తాలూకా

జవాబు: తప్పక చేయించండి, వాన కొలతతో మొదలుపెట్టండి. గడ్డకట్టే మంచు ఊసు లేని మన ప్రాంతంలో సాధారణ వర్షమాపకం చాలు. గోడలకు, చెట్లకు వాటి ఎత్తుకు రెండింతల దూరంలో ఆరుబయట దాన్ని నిలపండి. భారత వాతావరణ శాఖ పద్ధతి ప్రకారం ప్రతి ఉదయం 8.30 గంటలకు చదివి, గడచిన 24 గంటల వానగా రాయాలి. ఆ లెక్కన 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 204.5 మిల్లీమీటర్లు మించితే అత్యంత భారీ వర్షం. ఒక మిల్లీమీటరు వాన ఎకరం నేలపై దాదాపు 4,047 లీటర్ల నీరని పిల్లల చేత లెక్క కట్టించండి. తమ చేనుకు ఎంత నీరు వచ్చిందో ఇంట్లో చెప్పగలుగుతారు.

ఒక్క జాగ్రత్త చాలా ముఖ్యం. వాన పడని రోజున సున్నా రాయించండి. సెలవు వల్లో, మరచిపోవడం వల్లో కొలవని రోజున గడిని ఖాళీగా వదిలి, పక్కన ‘కొలవలేదు’ అని రాయించండి. తరువాత ఆ పుస్తకాన్ని ఉపగ్రహ వర్షపాత అంచనాలతో పోల్చేవారు ఈ రెండింటి మధ్య తేడాను మొదట చూస్తారు.