తక్కువ ఖర్చు టెస్ట్ కిట్లు ఆస్పత్రి లేని చోట నిజంగా పనికొస్తాయా?

వేలికి సూది పొడిచి పావుగంటలో ఫలితం చెప్పే చవక కిట్లు ల్యాబు దరిదాపుల్లో లేని జనానికి నిజంగా ఉపయోగమా, లేక ఉత్త ప్రచారమా అని అడిగారు కదా. నేను పదకొండేళ్ళు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసా, అందులో ఎక్కువ భాగం క్యాంపుల్లోనే. ఉపయోగమే, నాకు అనుమానమే లేదు. కాకపోతే కిట్లు అనగానే అందరూ ఆ ప్లాస్టిక్ క్యాసెట్ గురించే మాట్లాడతారు, దాని పక్కనుండే చిన్న బఫర్ బుడ్డిని, అంటే రక్తంతో పాటు వెయ్యాల్సిన ద్రవాన్ని, ఎవరూ పట్టించుకోరు. నా కడుపు మండేది అక్కడే.

జ్వరాలు బాగా ఉన్న రోజుల్లో ఒక క్యాంపు. బడి వరండాలో బల్ల వేసుకుని నేను, కొత్తగా చేరిన ఒక అమ్మాయి, ఇంకో నర్సు కూర్చున్నాం. మలేరియా కిట్ పని పెద్దదేం కాదు, వేలు తుడిచి, పొడిచి, 5 మైక్రోలీటర్ల రక్తం ఒక గుంటలో వేసి బఫర్ చుక్కలు ఇంకో గుంటలో వెయ్యాలి, ఆ తర్వాత పావుగంటో ఇరవై నిమిషాలో ఆగి చూడాలి. కంట్రోల్ గీత ఒక్కటే వస్తే లేనట్టు, రెండోది కూడా వస్తే ఉన్నట్టు, అసలు కంట్రోల్ గీతే రాకపోతే ఆ కిట్ పారెయ్యాలి. పొద్దున్నుంచి ముప్ఫై మందిని చూస్తే నలుగురికి వచ్చింది. మధ్యాహ్నం నుంచి వరసగా ఏడుగురికి రెండేసి గీతలు.

ఆ ఏడోవాడు రెండేళ్ళ పిల్లాడు. తల్లి భుజం మీద తల వాల్చేసి ఉన్నాడు, ఏడవడం కూడా లేదు. నేను మందు డబ్బా తెరిచి ఎలా వెయ్యాలో చెప్పబోతుంటే ఆవిడ "రాత్రంతా డొక్కలు ఎగరేస్తన్నాడు సార్, మలేరియాకి అట్టా ఉంటదా?" అంది. చొక్కా ఎత్తి చూసా. ఊపిరి పీల్చిన ప్రతిసారీ పక్కటెముకల కింద భాగం లోపలికి గుంజుకుపోతోంది. వాచీ పెట్టుకుని నిమిషం పాటు లెక్కపెడితే 58 సార్లు. ఆ వయసుకి 40 దాటితేనే వేగంగా ఉన్నట్టు లెక్క. అది న్యుమోనియా అని నర్సుకీ నాకూ ఒకేసారి అర్థమైంది.

అప్పుడు చూసా బల్ల వంక. బఫర్ బుడ్డి ఖాళీ, పక్కన సెలైన్ సీసా. అమ్మాయిని అడిగితే "బఫర్ అయిపోయిందన్నా, కిట్లు ఇంకా పద్దెనిమిది మిగిలాయి, అందుకని సెలైన్ వేసా, గీతలు బానే వస్తున్నాయి కదా" అంది.

గీతలు బానే వస్తాయి, అదే ప్రమాదం! బఫర్ అంటే నీళ్ళు కాదు. అందులో ఉప్పులు, డిటర్జెంట్ లాంటివి సరైన పాళ్ళలో ఉంటాయి, రంగు పట్టుకున్న యాంటీబాడీలు (రోగం ఆనవాలుని పట్టుకునే ప్రోటీన్లు) గీత దగ్గర ఊరికే అతుక్కుపోకుండా ఆపేది అవే. మామూలు నీళ్ళో సెలైనో వేస్తే రోగం లేకపోయినా రెండో గీత కనిపించొచ్చు, కంట్రోల్ గీత కూడా చక్కగా వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

నర్సు పిల్లాడికి యాంటీబయాటిక్ మొదటి డోసు ఇచ్చింది, మేమొచ్చిన జీపులోనే ఆస్పత్రికి పంపించాం. కోలుకున్నాడు. మిగతా ఆరుగురిలో ఇద్దరు అప్పటికే మందులు పట్టుకుని వెళ్ళిపోయారు, మర్నాడు కొత్త పెట్టె తీసుకుని ఇళ్ళకి వెళ్ళి మరీ చేసాం. పిల్లాడికి ఆస్పత్రిలో కూడా మలేరియా లేదన్నారు. మొత్తం ఏడుగురిలో నిజంగా ఉన్నది ఒక్కరికే.

ఆ అమ్మాయిని నేను ఒక్క మాట అనలేదు, అనకూడదు కూడా. సెలైన్ వెయ్యకూడదని ఆమెకి ఎవరు చెప్పారు? పాతిక కిట్లకి ఒకే బుడ్డి ఇచ్చి, చేయి వణికి రెండు చుక్కలు ఎక్కువ పడితే చివరి కిట్లకి చాలదని తెలిసి కూడా అలాగే పంపిస్తారు. లోపల కాగితం చూస్తే చీమ తలకాయంత అక్షరాలు, అది కూడా అక్కడ పనిచేసేవాళ్ళకి రాని భాషలో. ఇరవై నిమిషాలకి చూడాల్సిన గీతని రద్దీలో గంట తర్వాత చూస్తే లేని గీత కూడా కనిపించొచ్చు. ఇంకోటి, చాలా కిట్లు పట్టుకునేది మలేరియా క్రిమి వదిలే హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రోటీన్‌ని, జ్వరం తగ్గిపోయినా అది వారాల తరబడి రక్తంలో ఉంటుంది, అందుకే పోయిన నెల మలేరియా మందు వాడారా అని అడగకుండా టెస్ట్ చెయ్యడం దండగ. ఇవన్నీ బొమ్మలేసి పెట్టె మూత మీద అచ్చు వెయ్యడానికి ఏం అడ్డం?

పెద్ద మెషీన్ల సంగతి కూడా చెప్తా. టీబీకి జీన్‌ఎక్స్‌పర్ట్ అనే మెషీన్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సిఫారసు చేసింది, రెండు గంటల్లోపే టీబీ ఉందో లేదో, రిఫాంపిసిన్ అనే టీబీ మందు పనిచేస్తుందో లేదో చెప్పేస్తుంది, అద్భుతం. కానీ కరెంటు నిలకడగా ఉండాలి, గది వేడి 30 డిగ్రీలు దాటకూడదు. అవి రెండూ ఉన్న చోట ఈపాటికే ఒక ల్యాబు ఉంటుందండీ! నాకు నచ్చింది 2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మను ప్రకాశ్ అనే శాస్త్రవేత్త బృందం చేసిన పేపర్‌ఫ్యూజ్. పిల్లలు దారానికి బొత్తాం గుచ్చి తిప్పే ఆట ఉంది చూడండి, అదే పద్ధతి, కాగితం బిళ్ళ నిమిషానికి 1,25,000 చుట్లు తిరుగుతుంది, నిమిషంన్నరలో రక్తంలోంచి ప్లాస్మా (కణాలు తీసేస్తే మిగిలే ద్రవం) విడదీస్తుంది, కరెంటే అక్కర్లేదు. ఇలా ఆలోచించేవాళ్ళు కావాలి.

మంచి కిట్‌కి ఏమేం ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితా ఒకటి ఉంది, చవకగా ఉండాలి, కచ్చితంగా చెప్పాలి, తేలిగ్గా వాడగలగాలి, ఇలా. అవసరమైనవాళ్ళకి చేరాలి అన్నది అందులో ఆఖరున ఉంటుంది. నన్నడిగితే దాన్ని మొదట రాయాలి, చేరడమంటే బఫర్‌తో, చేసేవాళ్ళకి అర్థమయ్యే కాగితంతో, మలేరియా కాదని తేలితే తర్వాత ఏం చూడాలో తెలిసిన మనిషితో సహా చేరడం.

మీరు కిట్లు కొనే పనిలో ఉండి అడిగారేమో తెలీదు. ఉంటే మాత్రం ఒక్కో కిట్‌కి విడిగా బఫర్ గొట్టం వచ్చేవి ఉంటాయి, అవే అడగండి, కాస్త ఎక్కువైనా సరే. పెద్ద పెట్టెలే కొనాల్సొస్తే ఒక పెట్టె విప్పి పాతిక కిట్లకీ చుక్కలు లెక్కపెట్టి చూడండి, బుడ్డి చివరిదాకా వస్తుందో లేదో.