సర్వర్ దగ్గరికి తెచ్చినా యాప్ నెమ్మదిగానే ఉందా?

యాప్ సర్వర్‌ను మీ దేశంలోని క్లౌడ్ రీజియన్‌కు (డేటా సెంటర్లున్న ప్రాంతానికి) మార్చాక కూడా పేజీకి రెండు సెకన్ల పైనే పడుతోందనీ, డేటా దేశం దాటకూడదని ఆడిటర్ పట్టుబడుతున్నారనీ రాశారు. జవాబు మీరిచ్చిన వివరాల్లోనే ఉందండి: డేటాబేస్ ఇంకా 8,000 కిలోమీటర్ల అవతలే ఉంది.

ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే అంత దూరం వెళ్లి రావడానికే కనీసం 80 మిల్లీసెకన్లు. మీ పేజీ ఒకదాని తర్వాత ఒకటిగా 25 క్వెరీలు (డేటాబేస్‌ను డేటా అడిగే ప్రశ్నలు) పంపుతోంది కాబట్టి 2 సెకన్లు దారిలోనే పోతున్నాయి. ఎంత పెద్ద మెషీన్ తీసుకున్నా ఇది తగ్గదు (నేనూ ఒకసారి అలాగే డబ్బు తగలేశాను). డేటాబేస్‌ను సర్వర్ పక్కకే తెచ్చుకోండి. ఈలోగా క్వెరీలను కలిపి పంపినా తేడా బాగా తెలుస్తుంది.

ఆడిటర్ సంగతికొస్తే, డేటాబేస్ మార్చినంత మాత్రాన పని అయిపోదు. బ్యాకప్‌లు, రెప్లికాలు (డేటాబేస్‌కు నకళ్లు) ఏ రీజియన్‌లో పడుతున్నాయో చూడండి. అంతకన్నా ముఖ్యం లాగ్‌లు, అంటే యాప్‌లో జరిగేవన్నీ నమోదయ్యే రికార్డులు. ఎర్రర్ మెసేజ్‌తో పాటు యూజర్ ఫోన్ నంబర్ కూడా బయటి మానిటరింగ్ సర్వీస్‌కు వెళ్లిపోతుంటుంది, ఎవరూ గమనించరు. సీడీఎన్‌లో (యూజర్లకు దగ్గర్లో కాపీలు ఉంచి అందించే, పలు దేశాల్లోని సర్వర్లలో) బొమ్మలు, స్క్రిప్టులు ఉంటే పర్వాలేదు. యూజర్ వివరాలుండే లాగిన్ తర్వాతి పేజీలను మాత్రం అక్కడ క్యాష్ (కాపీగా నిల్వ) కానివ్వకండి.