బంతులు మారిస్తే విస్తళ్లు పెరుగుతాయా?

ప్రశ్న: సర్పిల గెలాక్సీల్లో కృష్ణ పదార్థం అక్కర్లేదు, స్టాటిస్టికల్ మెకానిక్స్‌ను మార్చుకుంటే చాలని మా సీనియర్ అంటున్నాడు. నిజమేనా సార్? – బీఎస్సీ విద్యార్థిని, తెనాలి

జవాబు: పూర్తిగా తప్పనలేనమ్మా, కానీ తొందరపడ్డాడు.

సూర్యుడి చుట్టూ బుధుడు సెకనుకు 47 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటే, దూరాన ఉన్న నెప్ట్యూన్‌ది 5 కిలోమీటర్ల చిల్లర. గెలాక్సీలోనూ అంచుకు పోయేకొద్దీ వేగం తగ్గాలి కదా? 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు మన పక్క గెలాక్సీ ఆండ్రోమెడాను కొలిస్తే అలా తగ్గలేదు. కనబడని బరువేదో లాగుతోందని అనుమానం. అదే కృష్ణ పదార్థం.

ఇక లెక్క సంగతి. కోటానుకోట్ల కణాల గుంపు తీరును లెక్కగట్టేదే స్టాటిస్టికల్ మెకానిక్స్. దానికి పునాది వేసినవాళ్లలో ఒకడైన బోల్ట్‌జ్‌మన్ పాఠం ముప్పై ఏళ్లు చెప్పాను. అందులో ఒక షరతును నేనూ గబగబా దాటేసేవాణ్ణి: గదిలో గాలిని రెండు భాగాలు చేస్తే, మొత్తం ఎంట్రోపీ (అణువులు ఎన్ని రకాలుగా సర్దుకోగలవో చెప్పే కొలత) ఆ రెండింటి కూడిక. అణువులకు పక్కవాటితోనే పేచీ కాబట్టి అది చెల్లుతుంది. గురుత్వాకర్షణకు అలా కుదరదు, ఈ చివరి నక్షత్రం ఆ చివరిదాన్నీ లాగుతుంది. పైగా నక్షత్రాల గుంపు శక్తి పోగొట్టుకుంటే చల్లబడదు, వేడెక్కుతుంది! ఈ మాటకు ప్రతి ఏడాదీ వెనక బెంచీ నవ్వేది.

1988లో త్సాలిస్ అనే భౌతిక శాస్త్రవేత్త ఆ కూడిక నియమాన్ని సడలించి, ‘క్యూ’ అనే సంఖ్యతో కొత్త ఎంట్రోపీ రాశాడు. క్యూ విలువ 1 అయితే పాత బోల్ట్‌జ్‌మనే. 1993లో ప్లాస్టినో ఇంటిపేరున్న ఇద్దరు శాస్త్రవేత్తలు దాన్ని నక్షత్రాల గుంపులకు వాడారు. పాత సూత్రంతో అనంతంగా వచ్చే ద్రవ్యరాశి, కొన్ని క్యూ విలువలకు పరిమితంగా వచ్చింది. మంచి పనే.

తమాషా ఏమిటంటే, అంచుదాకా తగ్గని వేగం పాత బోల్ట్‌జ్‌మన్ సూత్రంతో కట్టిన గోళంలోనూ వస్తుంది. కానీ అక్కడ కనబడని పదార్థం ఉండాలి. లెక్క చెప్పేది పదార్థం ఎలా పరుచుకుందో మాత్రమే. పెళ్లిలో బంతుల వరస మారిస్తే విస్తళ్లు పెరగవు కదా!

ఎంట్రోపీ నుంచి గురుత్వాన్నే రాబట్టి, క్యూతో దాన్ని సవరించేవాళ్లూ ఉన్నారు. మీ సీనియర్ చదివింది బహుశా అదే. అక్కడ పదార్థం పెరగకుండానే లాగుడు పెరగొచ్చు. అయితే ఒక గెలాక్సీకి సరిపడేలా క్యూను సర్దడం తేలిక. అదే విలువతో పక్క గెలాక్సీ కూడా కుదురుతుందా అని అడగండి.

ఈలోగా మీరొకటి చేయండి. సాంద్రత దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుందనుకుని వేగం కట్టండి. అర పేజీ పని. దూరం ఎక్కడ కొట్టుకుపోతుందో చూసి నాకు రాయండి.