తెల్ల జింకల్ని అడవిలో నేరుగా చూసినవాళ్లు ఉన్నారా?

చూశాను. అదీ ఒకటి కాదు, నాలుగైదు కలిసి ఒకేచోట మేస్తుంటే చూశాను. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోనే, కానీ సిటీకి చాలా దూరంగా, ఫింగర్ లేక్స్ అని పొడవాటి సరస్సులుంటాయి కదా, అందులో సెనెకా, కయుగా సరస్సుల మధ్య రోములస్ అనే చిన్న ఊరి దగ్గర. ప్రశ్నలో మీరు ‘అది జబ్బా, వేరే జాతా, ఎక్కడికెళ్తే కనిపిస్తాయి’ అని మూడూ అడిగారు కాబట్టి నాకు తెలిసినంత వరకు చెప్తాను.

జబ్బు కాదు, వేరే జాతీ కాదు. అమెరికాలో ఎక్కడ పడితే అక్కడ కనిపించే తెల్లతోక జింకలే ఇవి. ఒక జన్యువు కారణంగా వెంట్రుకలకు రంగు రాదు, అంతే. దీన్ని ల్యూసిజం అంటారు. చాలామంది దీన్నీ ఆల్బినిజాన్నీ కలిపేస్తారు గానీ తేడా కళ్లలో తెలిసిపోతుంది. ఆల్బినో అయితే కళ్లలో కూడా రంగు ఉండదు, గులాబీగా కనిపిస్తాయి, చూపు కూడా సరిగా ఉండదు. వీటికి ఆ సమస్య లేదు. మేము వెళ్లిన టూర్ బస్సు ఒకచోట ఆగినప్పుడు ఒక ఆడ జింక బాగా దగ్గరలోనే తలెత్తి మా వైపు చూసింది. కళ్లు నల్లగా, నిండుగా, మామూలు జింక కళ్లే. ఎండ వెనక నుంచి పడుతుండటంతో చెవులు లేత గులాబీ రంగులో మెరిసి, లోపలి రక్తనాళాలు కూడా కనిపించాయి. మోకాళ్ల దాకా బురద. పక్కనున్న గోధుమరంగు జింకకూ అంతే బురద అంటుకుని ఉండాలి, కానీ దాని మీద ఏమీ తెలియలేదు. దీని ఒంటి మీద మాత్రం ప్రతి మరకా, పొట్ట కింద అంటుకున్న పల్లేరు లాంటి ముళ్ల కాయలూ స్పష్టంగా కనిపించాయి.

ఇన్ని తెల్ల జింకలు ఒక్కచోటే ఎందుకున్నాయన్నదే అసలు విషయం. 1941లో అమెరికా సైన్యం అక్కడి రైతు కుటుంబాలను ఖాళీ చేయించి ఆయుధాల డిపో కట్టింది. పది వేల ఎకరాలకు పైనే భూమి, చుట్టూ 24 మైళ్ల ఎత్తైన కంచె. లోపల మందుగుండు దాచడానికి 500కు పైగా కాంక్రీటు బంకర్లు, వాటి మీద మట్టి కప్పి గడ్డి పెంచారు, వాటిని ఇగ్లూలు అనేవారు. కంచె వేసేనాటికి లోపలున్న జింకలు లోపలే ఉండిపోయాయి. వాటిలో కొన్నింటికి ఈ జన్యువు ఉంది. 1949 ప్రాంతంలో మొదటిసారి తెల్ల జింక కనిపించిందని చెబుతారు. తర్వాత 1950లలో అక్కడి కమాండర్ వీటిని కాల్చొద్దని సైనికులకు ఆర్డర్ వేశాడు. గోధుమరంగు వాటిని వేటాడొచ్చు, తెల్లవాటి జోలికి పోకూడదు. ఆ ఒక్క ఆర్డర్‌తో, కొన్ని దశాబ్దాల్లో మంద రెండు వందలు దాటింది. ప్రపంచంలో ఇంత పెద్ద తెల్ల జింకల మంద ఇంకెక్కడా లేదంటారు.

బయట అడవిలో అయితే ఇలా జరగదు. పచ్చటి గడ్డిలో తెల్లటి పిల్ల పడుకుని ఉంటే కోయోటీకి (తోడేలు లాంటి అక్కడి వేట జంతువు) దూరం నుంచే కనిపిస్తుంది. మామూలు పిల్లలకు ఒంటి నిండా చుక్కలుంటాయి, ఆకుల నీడలో కలిసిపోతాయి. తెల్ల పిల్లకు ఆ రక్షణ లేదు. పైగా తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ ఆ జన్యువు వస్తేనే పిల్ల తెల్లగా పుడుతుంది. పేరెంట్స్ ఇద్దరూ గోధుమరంగే అయినా, ఇద్దరిలోనూ అది దాగి ఉంటే పుట్టేవాటిలో నాలుగింట ఒకటి తెల్లది కావచ్చు. నేను చూసినవాటిలో ఒక తెల్ల తల్లి వెనక చుక్కల పిల్ల తిరుగుతోంది, కాస్త అవతల గోధుమరంగు తల్లి దగ్గర తెల్ల పిల్ల పాలు తాగుతోంది. జన్యుశాస్త్రం క్లాసులో బోర్డు మీద గళ్లు గీసి చెప్పిన పాఠం అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది.

‘అది కంచెలో పెరిగిన మంద, సహజమైనది కాదు, దాన్ని కాపాడాల్సిన పనేముంది’ అనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. వాటిని ఎవరూ తెచ్చి పెట్టలేదు. ఆ నేల మీద పుట్టి అక్కడే బతుకుతున్నాయి. విస్కాన్సిన్‌లో తెల్ల జింకను వేటాడటం చట్టవిరుద్ధం. న్యూయార్క్‌లో అలాంటి రక్షణ లేదు, కంచె దాటి బయటికొచ్చిందంటే సీజన్‌లో ఎవరైనా కాల్చొచ్చు. అందుకే నాకు ఆ పాత కంచె గురించే టెన్షన్. 2000లో డిపో మూసేశాక మెయింటెనెన్స్ తగ్గింది, జింకల సంఖ్య కూడా పడిపోయింది. 2016లో అక్కడి వ్యాపారి ఒకాయన దాదాపు ఏడు వేల ఎకరాలు కొని, కొంత భాగాన్ని జింకలకు వదిలారు. 2017 చివర్లో బస్సు టూర్లు మొదలయ్యాయి, మేం వెళ్లింది ఆ టూర్లు నడిచిన రోజుల్లోనే. 2019 చివరికి అవి ఆగిపోయాయి.

ఆ తర్వాత నేను చూసిందంతా రోడ్డు మీద నుంచే. న్యూజెర్సీ నుంచి నయాగరాకు వెళ్తూ వాట్కిన్స్ గ్లెన్‌లో ఆగే మనవాళ్లు చాలామంది. అక్కడి నుంచి సెనెకా సరస్సు తూర్పు ఒడ్డున పైకి వస్తే గంటలోపే రూట్ 96ఎ మీద ఈ కంచె పక్కకు చేరతారు. పొద్దున్నే గానీ, పొద్దుగూకే ముందు గానీ వెళ్లండి. మంచులో తెల్ల జింక ఫొటో బాగుంటుందని చలికాలంలో వెళ్తారు, కానీ మంచు మీద వాటిని వెతకడమే కష్టం, కదిలితే తప్ప తెలియదు, కదిలినప్పుడు కూడా కాస్త మీగడ రంగులో కనిపిస్తాయి. జూన్, జులైల్లో పచ్చగడ్డి మీదైతే అరమైలు దూరం నుంచి కూడా ఇట్టే పట్టేయొచ్చు. బైనాక్యులర్స్ తీసుకెళ్లండి, కారు పూర్తిగా రోడ్డు పక్కకు ఆపండి, కంచె ఎక్కొద్దు, హారన్ కొట్టొద్దు. తినడానికి అసలేం వేయొద్దు.

మన దగ్గర కూడా అప్పుడప్పుడు ఇలాంటివి పుడతాయి. 2021లో కాజీరంగాలో తెల్ల హాగ్ డీర్ (ఒక రకం జింక) కనిపిస్తే పేపర్లన్నీ ఫొటో వేశాయి. నల్లమలలోనో కవ్వాల్‌లోనో మీకెప్పుడైనా ఒళ్లంతా తెల్లగా ఉన్న చుక్కల జింక కనిపిస్తే ఫొటో తీసుకోండి, కానీ ఏ వాగు దగ్గర, ఏ గూడెం దారిలో కనిపించిందో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. కెమెరాలో లొకేషన్ ఆఫ్ చేసి, ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో మాత్రం చెప్పండి. దానికి అక్కడ 24 మైళ్ల కంచె ఉండదు.