ఫ్లాట్ కొనాలంటే పాపను సర్కారు బడికి మార్చాలి, మావారు ఒప్పుకోవడం లేదు

‘మేం హైదరాబాద్ కుషాయిగూడలో 11 వేల అద్దెకుంటాం. మావారు చర్లపల్లిలో ఒక కంపెనీలో సూపర్‌వైజర్, నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. ఇద్దరికీ కలిపి నెలకు 62 వేలు వస్తాయి. పాప ఏడో తరగతి, బాబు నాలుగు. ఇద్దరిదీ ప్రైవేటు బడే, ఏడాదికి లక్షా 45 వేలు కడుతున్నాం. ఈసీఐఎల్ దాటాక పక్కపక్క కాలనీల్లో రెండు ఫ్లాట్లు చూశాం, రెండూ 45 లక్షలు చెబుతున్నారు. మా దగ్గర పది లక్షలుంది. లోన్ తీసుకుంటే ఈ ఫీజులు కట్టలేం కాబట్టి పిల్లల్ని సర్కారు బడికి మారుద్దామన్నాను. ఒక కాలనీ హైస్కూల్లో పదో తరగతి వంద శాతం పాసయ్యారట, పక్కదాంట్లో 92 శాతమట. డాలస్‌లో ఉన్న మా బావగారు కూడా ముందు బడి చూసి తర్వాతే ఇల్లు కొనమంటున్నారు. మావారేమో “జిల్లా పరిషత్ బడిలో తెలుగు మీడియం చదివి, ఇంగ్లీషు రాక నేను ఎన్ని మాటలు పడ్డానో నీకేం తెలుసు, నలుగురిలో తలెత్తుకోలేను” అని, వారం నుంచి సరిగా మాట్లాడటం లేదు. ఏ బడి మంచిదో, ఏ ఇల్లు కొనాలో చెప్పండి.’
ఒక సోదరి, కుషాయిగూడ

మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. అందులో ఇల్లుంది, లోన్ ఉంది, పాస్ శాతాలున్నాయి, డాలస్ బావగారి మాట కూడా ఉంది, పాప ఏమంటోందో మాత్రం ఒక్క ముక్క లేదు. దాని సంగతి కొంచెం ఆగి చెబుతాను, ముందు ఇల్లు, బడి కలిపి మీరు వేసుకున్న ముడి విప్పుకుందాం.

మీ బావగారు చెప్పింది అక్కడికి నిజమే. అమెరికాలో చాలాచోట్ల పిల్లలు ఏ ప్రభుత్వ బడికి వెళ్లాలో ఇంటి అడ్రసే తేలుస్తుంది. డాలస్ ఉన్న టెక్సాస్‌లో అయితే ఇంటి మీద కట్టే పన్నులో పెద్ద భాగం ఆ ప్రాంతపు బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌కే పోతుంది. రోడ్డుకు ఇవతల ఇల్లుంటే ఒక బడి, అవతల ఉంటే ఇంకో బడి, అందుకే అక్కడ జనం బడి చూసి ఇల్లు కొంటారు. మన దగ్గర అలా లేదు. 2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం పిల్లలకు దగ్గర్లో బడి ఉండాలని సర్కారు మీద బాధ్యత పెట్టింది గానీ, పక్క కాలనీ బడిలో చేరకూడదని పిల్లలకు గీత గీయలేదు. మీరు చూసిన రెండు ఫ్లాట్లలో ఏది కొన్నా, అసలు ఏదీ కొనకుండా కుషాయిగూడలోనే ఉన్నా, ఆ రెండు బడుల్లో ఏదో ఒకటి అడగొచ్చు. నగరంలో కొన్ని సర్కారు బడులు గదులు నిండిపోయి అడ్మిషన్లు లేవని బోర్డు పెడుతున్నాయి కాబట్టి సీటు ఉందో లేదో మాత్రం ముందే కనుక్కోండి. పాప రాకపోకలకు ఆర్డినరీ బస్సులో టికెట్ కూడా లేదు, 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో ప్రయాణం ఉచితమే కదా.

ఇంకో సంగతి ఉంది. లోన్ 20 ఏళ్లు, పాప హైస్కూల్ చదువు మిగిలింది మూడేళ్లు. ఏ సారు మంచివాడని విని మీరు ఇల్లు కొంటారో ఆ సారు మీ ఈఎంఐ అయిపోయేదాకా అక్కడ ఉండడు, బదిలీలు జరిగితే ఎనిమిదేళ్లు దాటిన టీచర్లు కదలాల్సిందే, హెడ్మాస్టర్లకైతే ఐదేళ్లే. 2024లోనే వేసవిలో బదిలీలు, ప్రమోషన్లు అయ్యాయి, అక్టోబర్‌లో కొత్త డీఎస్సీ టీచర్లు వచ్చారు. అంటే మూడేళ్ల కిందట ఎవరో చెప్పిన మంచిగానీ చెడుగానీ ఆ బడికి ఇవాళ వర్తిస్తుందని నమ్మకం లేదు.

ఇక ఆ వంద, 92. పరీక్ష ఎంతమంది రాశారో అడిగారా? 16 మంది రాసి 16 మంది పాసైనా వంద శాతమే, 125 మందిలో 115 మంది గట్టెక్కితే 92 శాతం. నన్నడిగితే రెండోదే కష్టమైన పని, ఎందుకంటే అంత పెద్ద బడిలో పని కోసం వలస వచ్చినవాళ్ల పిల్లలు, మధ్యలో ఏడాది చదువు పోయిన పిల్లలు, అందరూ ఉంటారు. పిల్లలు మరీ తక్కువున్న బడికి ఇంకో చిక్కు కూడా ఉంది, పోస్టుల సర్దుబాటు చేసినప్పుడు అక్కడి టీచర్ని ఎక్కువమంది ఉన్న చోటికి పంపిస్తారు. అంతకు ముందు ఏడాది తొమ్మిదిలో ఎంతమంది ఉన్నారో, అందులో ఎంతమంది పదో తరగతి పరీక్ష దాకా వచ్చారో కూడా అడగండి, పాస్ శాతం కంటే అది ఎక్కువ చెబుతుంది. తరగతివారీగా పిల్లలు, టీచర్లు, గదుల లెక్క, దేశంలోని బడుల వివరాలన్నీ సర్కారు పెట్టే యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో బడి పేరు కొడితే ఫోన్‌లోనే కనిపిస్తుంది. అయితే ఆ లెక్కలో టీచర్ ఉన్నంత మాత్రాన ఆ టీచర్ రోజూ బడిలో ఉన్నట్టు కాదు, వేరే చోటికి డిప్యుటేషన్ మీద పోయి ఉండొచ్చు.

అందుకే వెళ్లి చూడాలి. ఆదివారం గేటు బయట నుంచి చూస్తే లాభం లేదు, బడి ఉన్న రోజు వెళ్లండి. హెడ్మాస్టర్ రెగ్యులరా, ఇన్‌ఛార్జా అని అడగండి, మ్యాథ్స్‌కు, ఫిజికల్ సైన్స్‌కు స్కూల్ అసిస్టెంట్లు, అంటే హైస్కూల్లో ఆ సబ్జెక్టు చెప్పే టీచర్లు, ఉన్నారా, ఖాళీనా అని అడగండి. తప్పేం లేదు, మీరు పిల్లను చేర్చే తల్లి, బాగా నడిచే బడిలో హెడ్మాస్టరే కూర్చోబెట్టి చెబుతారు. కుదిరితే ఎనిమిదో తరగతి పిల్ల మ్యాథ్స్ నోట్స్ ఒకటి అడిగి తిప్పండి. ఎర్ర ఇంకు సంతకం కింద తేదీలు పది రోజులకొకటి ఉన్నాయా, లేక అన్నీ ఒక్కరోజే కూర్చుని పెట్టినట్టు ఉన్నాయా అన్నది చూడగానే తెలిసిపోతుంది.

ఆడపిల్లల బాత్రూమ్ తప్పకుండా చూడండి, తలుపుకు లోపలి గడియ ఉందా, కుళాయిలో నీళ్లొస్తున్నాయా అన్నది మీ చేత్తో తిప్పి చూడండి. నా దగ్గరికి ఒక తల్లి తొమ్మిదో తరగతి కూతుర్ని కడుపునొప్పి, చదువు మీద ధ్యాస లేదు అని తీసుకొచ్చింది. మాట్లాడుతుంటే ఆ పిల్ల తన సంచిలోంచి నీళ్ల సీసా తీసి టేబుల్ మీద పెట్టింది, సాయంత్రం ఐదున్నరకు కూడా మూత దాకా నీళ్లున్నాయి. బాత్రూమ్‌కు పోవాల్సి వస్తుందని పొద్దున్నుంచి గుక్క కూడా తాగడం లేదట. అది ఫీజు బాగానే తీసుకునే ప్రైవేటు బడి. కాబట్టి ఇప్పుడు పాప చదివే బడిని కూడా ఇదే కంటితో చూడండి, రోజూ ఇంటికొచ్చాక సీసా ఎంత ఖాళీ అయిందో గమనించండి.

మీ ఉత్తరంలో రెండు హైస్కూళ్ల గురించే ఉంది, బాబు సంగతి మర్చిపోయారు. హైస్కూల్ ఆరు నుంచి మొదలవుతుంది, వాడు ఇంకో ఏడాది ఐదో తరగతి ప్రైమరీ బడిలో చదవాలి, అది వేరే బడి, వేరే టీచర్లు. ఇద్దర్నీ ఒకేసారి మార్చాల్సిన అవసరం నాకు కనబడటం లేదు, బాబు ఆ ఏడాది ఉన్నచోటే ఉండి ఆరుకు మారొచ్చు.

ఇప్పుడు మీవారి మాట. మీరు దాన్ని పరువు పట్టింపు అనుకుంటున్నారు, నాకు మాత్రం అందులో దెబ్బ కనిపిస్తోంది. కంపెనీలో ఎవడో పై ఆఫీసరు ఇంగ్లీషులో గద్దిస్తుంటే జవాబు రాక నిలబడ్డ మనిషి, నా బిడ్డకు ఈ గతి రాకూడదని మనసులో ఒట్టు పెట్టుకుని, ఇన్నేళ్లూ ఓవర్‌టైమ్ చేసి ఆ ఫీజు కట్టి ఉంటారు. మీరు ఈఎంఐ లెక్క చెబుతుంటే ఆయనకు తన ఒట్టు తప్పమన్నట్టు వినబడుతోంది. అందుకే ముందు లెక్క పక్కన పెట్టి, ఆ కంపెనీలో ఏం జరిగిందో చెప్పమనండి, మధ్యలో అడ్డుపడకుండా వినండి. ఆ తర్వాత చెప్పాల్సింది ఇది: ఆయన చదివిన బడి ఇప్పుడు అలా లేదు. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం పెట్టారు, తర్వాత తొమ్మిది, పదికీ వచ్చింది, పాఠ్యపుస్తకం తెరిస్తే ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. ఇంగ్లీషు మీడియం అని పెట్టగానే పిల్లలంతా మాట్లాడేస్తారని నేననను, అది టీచరును బట్టి ఉంటుంది, అందుకే ఆయన కూడా వచ్చి ఒక క్లాసు చెవులారా వినాలి. డాలస్‌లో బావగారి పిల్లల గురించి కూడా అడగండి, బడి చూసి ఇల్లు కొనమంటున్నారంటే వాళ్లు వెళ్లేదీ ప్రభుత్వ బడికే అయ్యుంటుంది. అన్నగారి నోటి నుంచి ఆ మాట వస్తే ఆయనకు కొంత భారం దిగుతుంది.

డబ్బు సంగతి సూటిగా చెబుతాను. 35 లక్షల లోన్‌కు ఎనిమిదిన్నర శాతం వడ్డీ అనుకుంటే 20 ఏళ్లకు నెలకు 30 వేల పైన పడుతుంది. రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం, అంటే మూడు లక్షల పైనే, మీ పది లక్షల్లోంచి పోతుంది, లోన్ ఆ మేరకు పెరుగుతుంది. పిల్లలిద్దరూ సర్కారు బడిలో ఇమిడిపోతేనే నడిచే లెక్క ఇది. రేపు పాప అక్కడ ఇమడలేక వెనక్కి వస్తానంటే మీ చేతిలో ఏమీ ఉండదు, అప్పుడు ‘మనం ఇల్లు కొన్నాం కాబట్టి సర్దుకో’ అని పిల్లతో అనాల్సి వస్తుంది, అది అననివ్వను నేను. కాబట్టి ముందు బడి, తర్వాత ఇల్లు. జూన్‌లో బడులు తెరిచినప్పుడు పాప ఎనిమిదిలో చేరితే మంచిది, తొమ్మిది మధ్యలోనో పదిలోనో మార్చడం ఆ పిల్లకు నరకం. ఇప్పుడున్న బడిలో బాకీలు తీర్చి టీసీ తీసుకోండి, యూడైస్‌లో పాప పేరు కొత్త బడికి మారిందో లేదో చూసుకోండి. అద్దె ఇంట్లోనే ఉంటూ ఒక ఏడాది చూస్తే పాప ఫీజు డబ్బు కూడా మిగిలి డౌన్ పేమెంట్‌లో చేరుతుంది. ఫ్లాట్ అప్పుడు తీసుకున్నా, వాన పడితే నీళ్లెక్కడ నిలుస్తాయో, పక్కన చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లొచ్చే హద్దు) ఎంతవరకో, చర్లపల్లికి ఆయన ప్రయాణమెంతో చూసి తీసుకోండి, బడి పేరు మీద కాదు.

పాపను అడగడం మిగిలింది. పదమూడేళ్ల పిల్లకు ఇల్లు, బడి, దోస్తులు ఒక్కసారే పోతున్నాయి. నిర్ణయం అయ్యాక చెప్పొద్దు. బడులు చూడటానికి వెళ్లినప్పుడు తననూ వెంట తీసుకెళ్లండి, లంచ్ టైమ్‌లో తన ఈడు పిల్లలతో కాసేపు ఒంటరిగా వదిలేయండి, దూరంగా నిలబడండి. తిరిగొచ్చేటప్పుడు మీరు ఏమీ అడగకండి, తనే మాట్లాడుతుంది, లేదా మాట్లాడదు. అది రెండ్రోజులు గమనించి, మీరిద్దరూ కూర్చుని నాకు మళ్లీ రాయండి. అప్పటిదాకా ఏ బిల్డర్‌కూ టోకెన్ అడ్వాన్స్ ఇవ్వకండి.